ఫ్లావనాయిడ్లు బీపీ మాత్రకు బదులవుతాయా?

ప్రశ్న: మా నాన్నగారు రక్తపోటుకు మాత్ర వాడుతున్నారు. ఉల్లి, బత్తాయిల్లోని ఫ్లావనాయిడ్లు (మొక్కల్లో సహజంగా ఉండే ఒక రకం పదార్థాలు) ఎడ్రినలిన్ అనే హార్మోను వల్ల సన్నని రక్తనాళాలు బిగుసుకోకుండా కాపాడతాయని, క్వెర్సెటిన్ అనే ఫ్లావనాయిడ్ క్యాప్సూళ్లు వేసుకుంటే మాత్ర మానేయవచ్చని తెలిసినవారొకరు చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: ఫ్లావనాయిడ్ల ప్రభావం సన్నని రక్తనాళాలపై ఉన్న మాట నిజమే గానీ, మాత్ర మానేయడానికి అది ఆధారం కాదు. నిమ్మజాతి పండ్లలోని ఈ పదార్థాలు కేశనాళికల గోడల నుంచి ద్రవం కారిపోవడాన్ని తగ్గిస్తున్నాయని 1936లో హంగేరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్-జ్యోర్జి బృందం ప్రకటించి, వాటికి ‘విటమిన్ పి’ అని పేరు పెట్టింది. అవి విటమిన్లు కావని తేలాక ఆ పేరు మూలనపడింది.

హార్మోన్ల దగ్గరకు వచ్చేసరికి వ్యవహారం అంత సూటిగా లేదు. ఎడ్రినలిన్‌ను నిర్వీర్యం చేసే ఎంజైములలో సీవోఎంటీ ఒకటి. ప్రయోగశాలలో క్వెర్సెటిన్ ఈ ఎంజైమునే అడ్డుకుంటుంది కాబట్టి, ఒంట్లోనూ అలాగే జరిగితే ఎడ్రినలిన్ మరింతసేపు నిలిచి, చర్మం వంటి చోట్ల సన్నని ధమనులు ఇంకాసేపు బిగుసుకునే ఉండాలి. మీరు విన్నదానికి ఇది పూర్తిగా విరుద్ధం. మరోవైపు, రక్తనాళాల లోపలి పొర విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్ వాటి కండరాన్ని సడలిస్తుంది, కోకోలోని ఎపికాటెచిన్ అనే ఫ్లావనాయిడ్ దాని లభ్యతను పెంచుతుందని మనుషులపై జరిపిన ప్రయోగాల్లోనూ కనిపించింది. ఈ రెండింటిలో దేనిది పైచేయి అన్నది ఆ పదార్థం ఎంత మోతాదులో, ఏ రూపంలో రక్తాన్ని చేరుతుందన్న దానిమీద ఆధారపడుతుంది. తిన్న క్వెర్సెటిన్ పేగులోనూ కాలేయంలోనూ చాలావరకు రూపం మారిపోతుంది. దాన్ని మార్చే ఎంజైములలో ఇదే సీవోఎంటీ కూడా ఉండడం విశేషం. ప్రయోగశాలలో రక్తనాళపు ముక్కలపై వాడే గాఢత, భోజనం తర్వాత రక్తంలో సాధారణంగా కనిపించదు.

2022లో వెలువడిన అమెరికా ‘కాస్మోస్’ పరిశోధనలో 21 వేలకు పైగా పెద్ద వయసువారిలో సగం మందికి రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్‌లు (ఫ్లావనాయిడ్లలో ఒక రకం) ఇచ్చినా, గుండె, రక్తనాళాల జబ్బుల మొత్తం సంఖ్య గణాంకపరంగా చెప్పుకోదగినంత తగ్గలేదు. హృద్రోగ మరణాలు తగ్గినట్టు కనిపించినా, ఆ పరిశోధన ప్రధానంగా తేల్చదలచుకున్నది అది కాదు.

మీ నాన్నగారు ఉల్లి, బత్తాయి నిశ్చింతగా తినవచ్చు. బత్తాయి తొనలపై ఉండే తెల్లని పొరలో హెస్పెరిడిన్ అనే ఫ్లావనాయిడ్ ఎక్కువ. జ్యూస్ బండి దగ్గర వడకట్టి పారేసేది దాన్నే. క్యాప్సూళ్లు మాత్రం డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు, మాత్ర ఆపవద్దు. ఆ మాత్ర ఫెలోడిపిన్ అయితే గ్రేప్‌ఫ్రూట్, పంపర పనసలకు దూరంగా ఉండాలి. వాటిలోని ఫ్యూరనోకూమరిన్లు అనే రసాయనాలు పేగులో మందును విరిచే ఎంజైమును దెబ్బతీయడం వల్ల రక్తంలో మందు మోతాదు పెరిగి, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు.