పెన్షన్ ఉన్నంత మాత్రాన అత్యవసర నిధి ఉన్నట్టేనా?

ప్రశ్న: సైన్యంలోని ఇంజినీర్ల దళంలో 24 ఏళ్లు పనిచేసి, లెఫ్టినెంట్ కర్నల్ హోదాలో ముందస్తు పదవీ విరమణ తీసుకున్నాను. వయసు 48. విరమణ సొమ్ముతో బెంగళూరులో ఇల్లు కొన్నాను. ఏడు నెలలుగా ఇక్కడి ఒక నిర్మాణ సంస్థలో ఇంజినీరింగ్ విభాగాధిపతిని. చేతికి జీతం 2.80 లక్షలు, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకోవడం) కోత పోను పెన్షన్ 92 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 1.10 లక్షలు, పొదుపు 19 లక్షలు. అద్దెకు ఇవ్వడానికి సర్జాపూర్ రోడ్డులో 1.40 కోట్ల ఫ్లాటు కొనాలని ఉంది. 1.05 కోట్లు గృహరుణం, 20 లక్షలు పర్సనల్ లోను, 15 లక్షలు పొదుపు నుంచి అనుకుంటున్నాను. పెన్షన్ ఉండగా వేరే అత్యవసర నిధి ఎందుకు?

జవాబు: మీ చివరి వాక్యం కోసమే ఈ జవాబు రాస్తున్నాను, పెన్షన్ తీసుకుంటూ రెండో ఉద్యోగంలో చేరినవారిలో చాలామంది ఇదే మాట అంటారు. రుణపత్రాల మీద సంతకం పెట్టనంతవరకు అది నిజమే. ఈరోజు ఉద్యోగం పోతే పెన్షన్ పోను నెలకు మీకు పడే లోటు 18 వేలు; ఉన్న 19 లక్షలతో ఎనిమిదేళ్లు నెట్టుకురావచ్చు. సంతకం పెట్టిన మర్నాడు లెక్క మారిపోతుంది. గృహరుణం 8.5 శాతం వడ్డీకి 15 ఏళ్లకు, పర్సనల్ లోను 12 శాతానికి అయిదేళ్లకు దొరికాయనుకుంటే నెలవాయిదాలే 1.48 లక్షలు. అప్పుడు జీతం ఆగితే లోటు 1.66 లక్షలు, చేతిలో మిగిలేది 4 లక్షలు. అద్దె 40 వేలు వచ్చినా నాలుగో నెల గడవదు. నిజానికి ఆ నాలుగు లక్షలు కూడా ఉండవు. కర్ణాటకలో స్టాంపు సుంకమే 5 శాతం, అంటే 7 లక్షలు, మీ లెక్కలో అది లేనే లేదు.

సైన్యంలో ఒక పోస్టింగ్ ముగిస్తే మరొకటి సిద్ధంగా ఉంటుంది. నిర్మాణ సంస్థలో ప్రాజెక్టు ముగిసి, కొత్త ఆర్డరు రాకపోతే, ముందుగా బరువనిపించేది పెద్ద జీతాల విభాగాధిపతులే. పైగా కోత పడిన పెన్షన్ పూర్తిగా తిరిగి రావడానికి 15 ఏళ్లు పడుతుంది, అంటే అరవై దాటాకే.

పర్సనల్ లోను విషయంలో నాకు ఓపిక లేదు. 75 లక్షలు మించిన గృహరుణంలో బ్యాంకు ఆస్తి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు హద్దు పెట్టింది, మిగతా పావు వంతు కొనేవారి సొంత సొమ్ము కావాలనే. దాన్నీ అప్పుతో నింపితే ఆ హద్దుకు అర్థమేముంది? పరిపాలనా ఆమోదం, నిధుల కేటాయింపు లేకుండా సైన్యం నిర్మాణ పనులు చూసే ఎం.ఈ.ఎస్. (మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్)లో పని మొదలవదని మీకు నేను చెప్పనక్కర్లేదు. సొంత కొనుగోలు విషయంలో ఆ పద్ధతి ఎందుకు వదిలేశారో అర్థం కావడం లేదు.

19 లక్షలను కదపకండి. అదే మీ అత్యవసర నిధి. పొదుపు ఖాతాకు ముడిపడిన స్వీప్ డిపాజిట్‌లోనో, తేలిగ్గా వెనక్కి తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లోనో మీ శ్రీమతి కూడా తీయగలిగేలా ఉంచండి. నెలకు 2.62 లక్షలు మిగులుతున్నాయి కనుక, ఏడాదిన్నర ఆగితే సొంత వాటా, రిజిస్ట్రేషన్ ఖర్చు రెండూ పర్సనల్ లోను లేకుండా సమకూరుతాయి. వైద్యానికి మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్ఎస్ ఉంది. గృహరుణం తీసుకునే రోజుకు మాత్రం దానికి సరిపడా టర్మ్ పాలసీ సొంతంగా ఉండాలి, ఎందుకంటే సంస్థ ఇచ్చే గ్రూపు బీమా ఉద్యోగంతోనే పోతుంది.

ఈలోగా ఫ్లాటు చేజారుతుందన్న బెంగ వద్దు. సర్జాపూర్ రోడ్డులో ఫ్లాట్లకు కరువు లేదు.