ఉలువాటు గుడి దగ్గర కోతులు, అమ్మగారి కళ్లద్దాలు

అద్దాలు లేనిదే అమ్మగారికి అడుగు కనపడదు, బాలిలోని ఉలువాటు గుడికి తీసుకెళ్లొచ్చా అని అడిగారు కదండీ. తప్పకుండా తీసుకెళ్లండి, కానీ ఇంకో జత బ్యాగులో ఉండాలి. అక్కడి పొడవుతోక కోతులు వస్తువు లాక్కుని, తిండి ఇస్తే గానీ వదలవు. కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు లెకా, ఆయన బృందం 2021లో దీని మీద ప్రచురించిన పరిశోధన నిజంగా అద్భుతం: పెద్ద కోతులు మనకు ఏది విలువైనదో కనిపెట్టి దాన్నే ఎత్తుకెళ్తాయట, దానికి తగ్గట్టు మంచి తిండి కోసం పట్టుబడతాయట. పిల్ల కోతులకు ఆ నేర్పు ఇంకా రాదు.

మెట్ల దగ్గర మీరే ఆమె చెయ్యి పట్టుకుని, అద్దాలు లోపల పెట్టేయండి. ఒకవేళ లాక్కుంటే గుంజుకోవద్దు, గుడి సిబ్బందిని పిలవండి. బేరం వాళ్లకు అలవాటే. కరిస్తే మాత్రం గాయాన్ని 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్లాలి.