సమాధానం: పాల కేంద్రం యాప్ పెద్దవాళ్ళు వాడలేకపోతున్నారు

అన్నా, కుర్రాళ్ళు వాడేస్తున్నారు, పెద్దవాళ్ళే పాల లెక్క చూసుకోలేక మీ దగ్గరికి వస్తున్నారన్నారు కదా, మీరు పెట్టిన స్క్రీన్‌షాట్ చూశాను, తప్పు వాళ్ళది కాదు. తెలుపు మీద లేత బూడిద అక్షరాలు ఎండలో కనపడవు, కాంట్రాస్ట్ (అక్షరాలకీ వెనక రంగుకీ వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీలో, అంటే వెబ్ అందరూ వాడగలిగేలా ఉండాలని రాసిన ప్రమాణాల్లో ఉంది, మీరు ఇంకా ఎక్కువే పెట్టండి. డబ్బు పడిందో లేదో ఎరుపు, ఆకుపచ్చ చుక్కలతోనే చూపిస్తే ఆ రంగుల తేడా తెలియనివాళ్ళకి రెండూ ఒకటే, పక్కనే "పడింది", "ఇంకా పడలేదు" అని రాసేయండి. బటన్లు 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ కొలత) కంటే తగ్గించొద్దు. ముఖ్యంగా ఫాంట్ సైజు ఎస్‌పీలో (ఫోన్ సెట్టింగ్‌లో అక్షరాలు పెంచితే దాంతోపాటు పెరిగే కొలత) ఇవ్వండి, లైన్ హైట్ (వరుస ఎత్తు) మాత్రం ఫిక్స్ చేయకండి, మన ఒత్తులు తెగిపోతాయి, మీ "మొత్తం"లో త ఒత్తు సగమే ఉంది చూడండి. లీటర్లు, ఫ్యాట్, డబ్బు మొదటి స్క్రీన్‌లోనే పెట్టేసి, ఒక పెద్దాయన చేతికి ఫోనిచ్చి ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి, ఆయన వేలు ఎక్కడ ఆగిందో అక్కడ మార్చండి.