అమ్మమ్మ పాటలు దేనితో రాస్తావు?

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మూడు నెలలు సెలవు పెట్టి అమ్మమ్మ దగ్గర ఉంటావట, ఆవిడ పాటలూ కథలూ అన్నీ రాసుకుంటావట. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఇన్నేళ్లలో మనింట్లో ఎవరి నోటా రాని మాట అది. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది, ఈ పిల్ల దేనితో రాస్తుందో అని. అడిగితే రంగురంగుల జెల్ పెన్నుల సెట్టు, చెరిపితే చెరిగే పెన్ను ఒకటి కొన్నావని చెప్పింది. తెల్లవారకుండానే లేచి కూర్చున్నాను.

ఆ చెరిగే పెన్ను పక్కన పెట్టెయ్. దాని సిరా వేడికి రంగు పోతుంది. రుద్దితే పుట్టే వేడికే కదా చెరుగుతోంది! 60 డిగ్రీలు దాటితే పేజీ మొత్తం తెల్లబడిపోతుంది. మే నెల ఎండలో, అద్దాలు మూసిన కారులో పుస్తకం మర్చిపోతే ఏమవుతుందో ఆలోచించుకో.

జెల్ పెన్ను అందంగా రాస్తుంది, కాదనను. కానీ ఆరడానికి టైం పడుతుంది, నీదేమో ఎడమచేతి వాటం. రాసిన మాట మీదుగానే నీ చెయ్యి జరుగుతుంది. ఆరో తరగతిలో నీ అరచేతి అంచు ఎప్పుడూ నీలంగానే ఉండేది, సబ్బు పెట్టి రుద్దింది నేనే. బాల్ పెన్ను నయం, తడికి అంత తొందరగా కరగదు. మరీ లావు ములుకు మాత్రం వద్దు. మన అక్షరాల్లో సున్నాలు పూడుకుపోతాయి, ద ఏదో ధ ఏదో తెలియదు, ఒత్తులు కలిసిపోతాయి.

ఇక నా సంగతి చెబుతాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు.

డిగ్రీలో చేరినప్పుడు నాన్న రాజమండ్రిలో రత్నం పెన్ను కొనిచ్చారు. గాంధీగారు 1935లో ఉత్తరం రాసి మెచ్చుకున్న పెన్ను. దానితో ఏం రాయాలా అని ఆలోచించి, సెలవుల్లో మా అమ్మమ్మ ముందు కూర్చున్నాను. జోలపాటలు, దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ పాడేది, నేను రాసుకునేదాన్ని. రెండు వందల పేజీల పుస్తకం నిండింది. సిరా మాత్రం నేనే ఎంచుకున్నాను. బట్టల మీద పడినా ఉతికితే పోతుందని షాపతను చెబితే, ఓణీలు పాడవ్వవు కదా అని ఆ నీలం సిరా తీసుకున్నాను. ఉతికితే పోయేది నీళ్లలో నానితే ఉంటుందా అన్న ఆలోచనే రాలేదు నాకు.

1986 ఆగస్టు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చిన ఏడు. మనది లంక ఊరు. బియ్యం, పొలం కాగితాలు, ఆవు, వీటితో ఏటిగట్టు ఎక్కాం. పుస్తకం ట్రంకుపెట్టెలో భద్రంగా ఉందనుకున్నాను. తిరిగొచ్చి పెట్టె తెరిస్తే ఒండ్రు వాసన. పేజీలన్నీ లేత నీలం మబ్బుల్లా ఉన్నాయి, ఒక్క అక్షరం లేదు. చివరి పేజీలో మాత్రం అమ్మ రాసిన పాల లెక్క ఉంది. "పొద్దున లీటరున్నర, సాయంత్రం లీటరు." ప్రతి అంకె చెక్కు చెదరలేదు. అమ్మ పెన్సిల్‌తో రాసింది.

సంక్రాంతికి వెళ్లి మళ్లీ రాసుకుందాం అనుకున్నాను. కార్తీకంలోనే మా అమ్మమ్మ వెళ్లిపోయింది.

అందుకే చెబుతున్నాను, నా మాట విను, పెన్సిల్‌తో రాయి. నటరాజో అప్సరో, ఏదైనా సరే, హెచ్‌బీ అని ఉన్నది తీసుకో. హెచ్ ఒక్కటే ఉంటే గీత మరీ పలచన, 2బీ అయితే నల్లగా ఉన్నా ఎదుటి పేజీకి అంటుకుంటుంది. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్ కార్బనే. నీళ్లలో కరగదు, ఎండకు వెలవదు. తాటాకు మీద గంటంతో గీసి మసి పూసేవారే, అదీ కార్బనే. కాగితానికి ఒకవైపే రాయి, చెయ్యి కింద చిన్న కాగితం ముక్క పెట్టుకో. రెండు మూడు పెన్సిళ్లు ముందే చెక్కి ఉంచుకో. మీ అమ్మమ్మ పాడుతుంటే మధ్యలో "ఆగు అమ్మమ్మా" అనొద్దు, ఒకసారి ఆగితే ఆవిడకు వరస తప్పుతుంది.

ఫోన్‌లో రికార్డు కూడా చెయ్యి.

సిరాతోనే రాయాలని మనసుంటే పిగ్మెంట్ సిరా అడుగు, అంటే రంగు నీళ్లలో కరగకుండా సన్నని పొడిగా ఉండే సిరా. కొన్నాక నమ్మెయ్యకు. ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసి, ఒక రోజు ఆరనిచ్చి, గ్లాసు నీళ్లలో ముంచి చూడు. ఆ సిరా పోసిన పెన్ను వాడకుండా వదిలేస్తే గడ్డకట్టుకుంటుంది, కడుగుతూ ఉండాలి.

నీళ్లంటే నాకింత భయమేమిటని మీ అమ్మ నవ్వుతుంది. అది అప్పటికి చిన్నపిల్ల, పుస్తకం సంగతి దానికి గుర్తులేదు. నువ్వు నవ్వకు తల్లీ. మీ అమ్మమ్మకు 84 నిండాయి. మధ్యాహ్నం భోజనమయ్యాక గంటసేపు హుషారుగా ఉంటుంది, అప్పుడు కూర్చో.

ఒక జోలపాట ఉంది. మొదటి రెండు చరణాలు నాకు వచ్చు, నీకూ పాడేదాన్ని. మూడో చరణంలో పడవ దాటించే మావయ్య వస్తాడు, అంతవరకే గుర్తు. మీ అమ్మమ్మను అడుగు. ఆవిడకు గుర్తుంటే రాసి, ఆ పేజీ ఫోటో తీసి ఆ రోజే నాకు పంపించు.

పెద్దమ్మ