మట్టి చూడకుండా రేటు చెప్పే మేస్త్రీకి పని ఇవ్వొద్దు

అబ్బీ,

వాట్సాప్‌లో నువ్వు పంపిన మూడు కాగితాలూ చూశాను. గేటు నుంచి పోర్టికో దాకా 30 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున కారు దారి, ఇంటి వెనక రేకుల షెడ్డుకు 15 బై 12 అడుగుల కాంక్రీటు బెడ్డు. ముగ్గురు మేస్త్రీలూ చదరపు అడుగుకు ఇంత అని రాసిచ్చారు, ఎవరిది తక్కువుంటే వాళ్ళకు ఇచ్చేద్దామా పెదనాయనా అని అడిగావు. నేను ఒకటే అడుగుతాను. ఆ ముగ్గురిలో ఎవరైనా మీ స్థలంలో పలుగు దించి కింద ఏ మట్టి ఉందో చూశారా? చూడకపోతే ఆ మూడింట్లో ఏ లెక్కా లెక్క కాదు.

నేను పంచాయతీరాజ్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఉన్నన్నాళ్ళూ ఊళ్ళలో సిమెంటు రోడ్లు దగ్గరుండి వేయించినవాణ్ణి. అయినా మా ఇంటి ముందు పని మాత్రం చెడింది. మీ అక్క పెళ్ళి పనుల్లో తిరుగుతూ, తక్కువకు వస్తానన్న ఒక మేస్త్రీకి మొత్తం గుత్తకు ఇచ్చేసి పత్రికలు పంచడానికి వెళ్ళిపోయాను. నడి మే నెల, మిట్టమధ్యాహ్నం పోశారు. నెల తిరక్కుండానే సన్న గీతలు, రెండో ఏడు గేటు దగ్గర ఒక మూల కుంగింది. పగలగొట్టించి చూస్తే 5 అంగుళాలు పోస్తామన్నది కొన్నిచోట్ల 3 అంగుళాలే ఉంది, ఇనుప కమ్మి అయితే కాంక్రీటు లోపల లేనే లేదు, దాని కిందున్న మట్టిలో పడుకుని తుప్పు పట్టి ఉంది. నేను డబ్బిచ్చిన కమ్మి ఒక్క రోజు కూడా బరువు మోయలేదు. నీకు అలా జరగకూడదనే ఇంత పొడుగున రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మాది అనంతపురం ఎర్రనేల. పైన అర అడుగు మెత్తటి మట్టి, వేర్లు, చెత్త తీసేస్తే కింద గట్టి నేల తగులుతుంది. మీది అలా కాదు. మీ ప్రొద్దుటూరు ప్లాటు ఒకప్పుడు కె.సి. కాలువ కింద పండిన నల్లరేగడి చేను. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా కాంక్రీటు పోస్తే, మట్టి ఉబ్బినప్పుడు కాంక్రీటూ పైకి లేస్తుంది, మట్టి దిగినప్పుడు కింద బోలు మిగులుతుంది, ఆ బోలు మీదికి కారు ఎక్కిన రోజు పగులుతుంది. ఎంత మంచి సిమెంటు పోసినా అంతే. అందుకని కనీసం రెండడుగుల లోతు రేగడి తీసేయించి గరుసు, అంటే రాళ్ళు కలిసిన గట్టి మట్టి, తోలించు. తవ్విన నల్లమట్టినే మళ్ళీ అంచుల్లో కూరుతారు, అదొక అలవాటు వాళ్ళకు, ఒప్పుకోవద్దు. గరుసు కూడా ఒకేసారి రెండడుగులు పోసి పైన రోలరు తిప్పితే కింద మెత్తగానే ఉండిపోతుంది. అర అడుగు పోయాలి, తడపాలి, నీళ్ళు ఇంకి కొంచెం ఆరాక దిమ్మిసతోనో మిషనుతోనో గట్టిగా కొట్టాలి, తర్వాత ఇంకో అర అడుగు. అంతా అయ్యాక మడమతో గట్టిగా తొక్కి చూడు, అచ్చు పడితే ఇంకా కొట్టించు. ఈ పనికి రెండు మూడు రోజులు పడుతుంది. మేస్త్రీలు తక్కువ రేటు చెప్పగలిగేది ఇక్కడ ఎగ్గొట్టే ధైర్యంతోనే, ఎందుకంటే పైన కాంక్రీటు పడ్డాక కింద ఏముందో ఎవరికీ కనపడదు.

కారు దారికి కూడా కడప బండలే పరుద్దామని మీ అమ్మ అంటోందట కదా. ఇంట్లో పరిచినట్టు ఇంచు మందం బండలు బయట పరిస్తే, కింద ఎక్కడ బోలుగా ఉంటే అక్కడ చక్రం కింద పుటుక్కుమంటాయి. బండలు వేసినా కింద గట్టి బెడ్డు తప్పదు. అమ్మకు నా మాటగా చెప్పు, వాకిట్లో ముగ్గు వేసుకునేంత మేర బండలు పెట్టుకోవచ్చు, చక్రాలు తిరిగేచోట వద్దు.

ఇప్పుడు మనిషిని ఎంచుకోవడం. బేల్దారి పని చేసేవాళ్ళందరూ గోడ బాగా కడతారు, ప్లాస్టరింగ్ బాగా చేస్తారు, అంతమాత్రాన నేల మీద కాంక్రీటు బాగా పోస్తారని కాదు, అది వేరే పని. ఎవరు వచ్చినా, నువ్వు రెండు మూడేళ్ళ కింద పోసిన కారు దారి ఒకటి చూపించు అని అడుగు. నిన్నమొన్న పోసింది చూడొద్దు, కొత్తది ఏదైనా నున్నగానే ఉంటుంది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటినదాన్ని చూడాలి. ఆ ఇంటివాళ్ళను అడిగి ఒక బక్కెట్ నీళ్ళు పోసి చూడు, నీళ్ళు రోడ్డు వైపు పోతున్నాయా, మధ్యలో మడుగు కడుతున్నాయా, గోడ వైపు తిరుగుతున్నాయా. చెప్పు అంచుతో గీకితే పొడి లేస్తుందా చూడు. ఆ ఇంటివాళ్ళతో మేస్త్రీ లేనప్పుడు మాట్లాడు, చెప్పిన రోజుకు వచ్చాడా, మధ్యలో వదిలేసి ఇంకో పనికి పోయాడా అని. పాత పని చూపించడానికి సాకులు చెప్పేవాణ్ణి మర్యాదగా పంపించెయ్.

నా సలహా ఏమిటంటే సామాను నువ్వు కొను, లేబరు మాత్రం గుత్తకు ఇవ్వు. లెక్క పెద్ద కష్టం కాదు. కారు దారి 300 చదరపు అడుగులు, 5 అంగుళాల మందం, అంటే 125 ఘనపుటడుగులు. షెడ్డు 180 చదరపు అడుగులు, 4 అంగుళాలు, అంటే 60. మొత్తం 185. ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర ఇసుక, మూడు కంకర, మనం ఎం20 అంటాం, ఆ పాళ్ళలో అయితే ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున దాదాపు 42 బస్తాల సిమెంటు, 80 ఘనపుటడుగుల ఇసుక, 155 ఘనపుటడుగుల ముప్పావు అంగుళం కంకర. తరుగుకు కొంచెం ఎక్కువ పెట్టుకో. వీటన్నిటి కిందా 3 అంగుళాల మందాన పెద్ద కంకరతో ఒకటికి నాలుగు, ఎనిమిది పాళ్ళలో బెడ్డు వేయించు, దానికి సిమెంటు వేరే. బస్తా మీద తయారైన వారం, నెల, ఏడాది అచ్చేసి ఉంటాయి, మూడు నెలలు దాటినవి వద్దు. సిమెంటు ఫ్యాక్టరీలున్న ఎర్రగుంట్ల పక్కనే ఉంది కదా మీకు, తాజా సిమెంటు దొరక్కపోవడమంటూ ఉండదు. ఇసుకను ఒక గాజు సీసాలో సగం పోసి నీళ్ళు నింపి బాగా కదిపి గంటసేపు కదపకుండా పెట్టు, పైన పేరుకునే ఒండ్రు సన్నటి పొరలాగా ఉంటే సరే, నూటికి 8 పాళ్ళు దాటితే ఆ ట్రిప్పు వెనక్కి పంపు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే కలపడానికి వాడొద్దు, మనం తాగే నీళ్ళ ట్యాంకరు ఒకటి తెప్పించు.

ఒప్పందం నోటి మాటగా వద్దు. తెల్లకాగితం మీదైనా సరే, కాంక్రీటు మందం ఎన్ని అంగుళాలు, ఏ పాళ్ళు, కమ్మి ఎంత లావు, ఎంత దూరం, కాంక్రీటు కలిపే మిల్లరూ, పోసినదాన్ని అదిరించి సర్దే వైబ్రేటరూ ఎవరు తెస్తారు, నీళ్ళు ఎవరు పట్టాలి, ఎన్ని రోజుల్లో అవుతుంది అనేవి రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. అడ్వాన్సు కొంచెమే ఇవ్వు. గరుసు పని అయ్యాక కొంత, కాంక్రీటు పడ్డ సాయంత్రం కొంత, పదో వంతైనా ఆపి నీళ్ళు పట్టే రోజులు అయ్యాక, బక్కెట్ నీళ్ళు పోసి వాటం చూసుకున్నాక ఇవ్వు. అలాగని కూలివాళ్ళ డబ్బు మాత్రం ఆపొద్దు, వాళ్ళకు ఏ రోజుది ఆ రోజు అందిందా లేదా నువ్వే కనుక్కో. ఎండలో తట్టలు మోసేది వాళ్ళు.

పోసే రోజు సెలవు పెట్టుకో. ఇది మాత్రం కాదనకు. కాంక్రీటు పోయకముందే కింద పోవాల్సినవన్నీ పోయాయా చూసుకో, మోటారు వైరుకు పైపు, నీళ్ళ పైపు, మురుగు పైపు, రేపు గేటుకు లైటు పెట్టాలంటే దానికొక ఖాళీ పైపు. మీ సంపు ఆ దారిలోనే ఉందన్నావు, దాని మూత, స్లాబు కారు బరువుకు వేసినవా కాదా కట్టినవాణ్ణి అడుగు, కాకపోతే ఆ మేర విడిగా మందంగా వేయించాలి. పాలిథిన్ షీటు పరిచాకే కమ్మి. 8 ఎం.ఎం. కమ్మి, 8 అంగుళాలకొకటి, రెండు వైపులా. కమ్మిని ఎత్తి పట్టే 2 అంగుళాల కవరు బ్లాకులు కింద పెట్టించు, కాంక్రీటు పోస్తూ తొక్కుతుంటే కమ్మి కిందికి పోతుంది, అందుకని బ్లాకులు దగ్గర దగ్గరగా ఉండాలి. నా కమ్మి మట్టిలో పడుకుంది ఇందుకే. గోడకూ కాంక్రీటుకూ మధ్య అర అంగుళం థర్మాకోల్ పెట్టించు, లేకపోతే కాంక్రీటు ఎండకు సాగి గోడను నెడుతుంది.

ఇక నీళ్ళు. పని సులువుగా జారాలని మిల్లరులో ఇంకో డబ్బా, ఇంకో డబ్బా అని పోస్తూనే ఉంటారు. పల్చటి కాంక్రీటు తేలిగ్గా సర్దుకుంటుంది, చూడ్డానికి నున్నగా వస్తుంది, బలం మాత్రం సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. బస్తా సిమెంటుకు 30 లీటర్లు మించకూడదు, ఇసుకలో ఉన్న తడి కూడా అందులోనే లెక్క. 20 లీటర్ల పెయింటు డబ్బాతో ఒకటిన్నర డబ్బా అని గుర్తు పెట్టుకో, మిల్లరు దగ్గర నువ్వే నిలబడి కొలిచి పోయించు. మేస్త్రీ చిరాకు పడతాడు, పడనీ. జారకపోతే వైబ్రేటరు పెట్టి సర్దమను. పైన తేమ తేలిందని పొడి సిమెంటు చల్లి రుద్దుతారు, అదే తర్వాత పొట్టు పొట్టుగా లేస్తుంది, చల్లనివ్వకు. చివర్లో అద్దంలా రుద్దించొద్దు, వానలో అమ్మ జారుతుంది. చీపురుతో అడ్డగీతలు గీయించు, గేటు దగ్గర ఏటవాలు మీద తాడు ఒత్తి గాళ్ళు వేయించు.

వాటం 8 అడుగులకు ఒక అంగుళం చొప్పున, ఇంటి నుంచి రోడ్డుకు. నీళ్ళ ట్యూబుతో లెవెల్ పట్టమను, కంటితో కాదు. గేటు బయట మునిసిపాలిటీ కాలువ మీదికి మాత్రం పోయొద్దు, రేపు పూడిక తీయడానికి వచ్చినప్పుడు మొదట పగిలేది అదే.

కాంక్రీటు ఎలాగూ పగుల్తుంది, ఎక్కడ పగలాలో మనం చెప్పాలి అంతే. నీ 30 అడుగుల దారిని మూడు పదడుగుల గళ్ళుగా చేసి, మరుసటి రోజు పొద్దున్నే కట్టరుతో అంగుళంపావు లోతు గాడి కోయించు. షెడ్డు బెడ్డులో కూడా మధ్యలో అటొకటి ఇటొకటి. రెండు రోజులాగి కోస్తాలే అంటే అప్పటికే తనకిష్టమైన చోట చీలి ఉంటుంది.

షెడ్డు గురించి ఒక్క మాటే. స్తంభాలను ఈ బెడ్డు మీద నిలబెట్టొద్దు, వాటికి విడిగా రేగడి దాటి గట్టి పొర తగిలేదాకా గుంతలు తీసి ఫుటింగు వేయించి, బోల్టులు ముందే దించమను. బెడ్డు చుట్టుపక్కల నేల కంటే అర అడుగు ఎత్తున ఉండాలి. మన వైపు గాలి సంగతి నీకు తెలుసు, బోల్టుకు పట్టు లేని రేకులు పక్క చేలో తేలతాయి.

ఎప్పుడు పోయాలంటే సంక్రాంతి అయ్యాక, శివరాత్రి లోపల. ఎండాకాలం అసలు వద్దు, ఆషాఢం గాలిలోనూ వద్దు, రామగిరి గాలిమరలు తిప్పే ఆ గాలి పచ్చి కాంక్రీటు మీద తడిని గంటలో పీల్చేస్తుంది, పైన సాలెగూడులా గీతలు పడతాయి. తుపాన్ల కార్తీకం కూడా వద్దు. తెల్లవారి ఆరింటికి మిల్లరు తిరగాలి, పదింటికల్లా పోత అయిపోవాలి.

పోసిన సాయంత్రం నుంచే తడి గోనెసంచులు కప్పు. షెడ్డు బెడ్డు చదునుగా ఉంటుంది కాబట్టి మరుసటి రోజు చుట్టూ చిన్న గట్లు కట్టి రెండంగుళాల నీళ్ళు నిలుపు, దారి వాటంగా ఉంటుంది కాబట్టి అక్కడ నీళ్ళు నిలవవు, సంచులే రోజుకు నాలుగైదు సార్లు తడపాలి. బూడిద కలిపిన పీపీసీ సిమెంటు అయితే 14 రోజులు, ఏదైనా సరే మన ఎండలకు 10 రోజులకు తక్కువ వద్దు. ఒక్క మధ్యాహ్నం ఎండిపోయినా నష్టమే, నువ్వు ఆఫీసుకు పోతే అమ్మకో పక్కింటి పిల్లలకో అప్పజెప్పు. ఈ పని మేస్త్రీ మీద వదలకు, కాగితంలో రాసినా సరే, అతను అప్పటికి ఇంకో ఇంటి దగ్గర ఉంటాడు. కారు మాత్రం 28 రోజులు వీధిలోనే పెట్టుకో.

ముందు ఆ ముగ్గురినీ మళ్ళీ పిలిచి ఒక మూల రెండడుగుల గుంత తీయించు. ఎవరు మట్టిని చేతిలోకి తీసుకుని నలిపి చూస్తారో, ఎవరు గరుసు సంగతి తామే ఎత్తుతారో చూసి నాకు ఫోన్ చెయ్. గుంత ఫొటో కూడా పంపు, పక్కన ఒక స్కేలో పారో పెట్టి తీస్తే లోతు తెలుస్తుంది. పోసే తేదీ వారం ముందే చెప్తే ముందు రోజు తాడిపత్రి మీదుగా బస్సుకు వచ్చేస్తాను, మిల్లరు దగ్గర నువ్వు నిలబడు, కమ్మి దగ్గర నేను నిలబడతాను.

మీ పెదనాయన