పెనం బండికి అరలు, కొక్కేలు

ప్రశ్న: మైపాడు బీచ్ రోడ్డులో సాయంత్రం పూట దోసెల బండి నడుపుతున్నాను. నూనె చెంబు, ఎర్రకారం గిన్నె, అట్లకాడలు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు. పెనం అంచుకే యాంగిల్ (L ఆకారం ఇనుప పట్టీ) వెల్డింగ్ చేయించి అర పెట్టించవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: పెనం జోలికి మాత్రం పోవద్దు. దళసరి ఇనుప పెనానికి ఒకచోట వెల్డింగ్ పెడితే అక్కడ బాగా కాగి, చల్లారేటప్పుడు ముడుచుకుని పెనం వంపు తిరుగుతుంది. ఆ తర్వాత నూనె అంతా పల్లంలోకి చేరుతుంది, దోసె ఒక పక్క మాడి ఇంకో పక్క పచ్చిగా ఉంటుంది. పోత ఇనుము పెనమైతే పగిలినా పగలొచ్చు. పైగా పెనానికి అతికించిన అర కూడా పెనంతో పాటే కాలుతుంది.

అర బిగించాల్సింది బండి ఫ్రేముకు. పెనం అంచు నుంచి ఆరంగుళాలు వదలండి, ఎత్తు పెనం కన్నా రెండంగుళాలు కిందికి ఉంచండి. అప్పుడు అట్లకాడ తిప్పేటప్పుడు చెయ్యి తగలదు. పొయ్యికీ అరకీ మధ్య ఒక స్టీలు రేకు నిలబెట్టండి. అది అరకు ఆనకుండా అంగుళం ఖాళీ ఉండాలి, లేకపోతే రేకు వేడి అరకు పాకుతుంది.

అర ఏ పక్కన అన్నది ముఖ్యం. మీ దగ్గర సముద్రం తూర్పున ఉంది. సాయంత్రం గాలి అటు నుంచే వీస్తుంది కాబట్టి మంట పడమటికి వాలుతుంది. నూనె, కాగితం ప్లేట్లు, చెత్త సంచి తూర్పు పక్కనే పెట్టండి. పడమటి పక్క అట్లకాడల కొక్కేలు చాలు.

అరకు 1.2 మి.మీ. స్టీలు రేకు సరిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్లో 304 రకం అడిగి తీసుకోండి. 202 రకం ధర తక్కువే కానీ ఉప్పుగాలికి త్వరగా తుప్పు మచ్చలు పడుతుంది. అంచులు చుట్టూ 20 మి.మీ. పైకి మడిపించండి, గతుకుల్లో బండి తోసేటప్పుడు సీసాలు జారవు. మూలల్లో నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలు పెట్టించండి.

6 మి.మీ. బోల్టుకు ఆరున్నర మి.మీ. రంధ్రం వేయాలి. అరను ఫ్రేముకు పట్టి ఉంచే ఒక్కో బ్రాకెట్‌కు రెండేసి బోల్టులు తప్పనిసరి. ఒక్కటే అయితే బరువుకు అర కిందికి తిరిగిపోతుంది. మంట దగ్గర నైలాన్ లాక్ నట్లు వాడవద్దు, లోపలి నైలాన్ వేడికి మెత్తబడి పట్టు వదిలేస్తుంది. స్ప్రింగ్ వాషర్ వేసి మామూలు నట్టు బిగించండి. యాంగిల్‌కు రంధ్రం వేసిన చోట రంగు లేచి పచ్చి ఇనుము బయటపడుతుంది. బోల్టు ఎక్కించే ముందే అక్కడ రెండు పూతలు రెడాక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర ప్రైమరు) వేయించండి. తుప్పు మొదలయ్యేది ఆ రంధ్రం దగ్గరే.

ఎర్రకారానికి అల్యూమినియం గిన్నె పనికిరాదు, కారంలోని ఉప్పుకు గుంటలు పడుతుంది. మూత ఉన్న స్టీలు గిన్నె వాడండి. పప్పుల పొడి ఆవిరి తగలని చోట ఉంచండి, చెమ్మ తగిలితే ఉండ కడుతుంది.

ప్రశ్న: మేడ మీద పెట్టుకున్న గ్యాస్ పెనానికి అయస్కాంతం రాక్ అంటించాం. రెండు వారాలకే సీసాలతో సహా జారి పడింది. ఎందుకని?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: చిన్నగా, మెరుస్తూ ఉండే నియోడిమియం అయస్కాంతాల్లో మామూలు రకం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, చల్లారినా పూర్తిగా తిరిగి రాదు. నల్లటి ఫెర్రైట్ అయస్కాంతం అంతకన్నా చాలా ఎక్కువ వేడికి ఆగుతుంది కానీ పట్టు తక్కువ, కాబట్టి పెద్దది కావాలి. అంటించే చోట నూనె జిడ్డు ఉన్నా జారుతుంది. ఏ అయస్కాంతమైనా చెంచాలకు, పట్టకారుకు సరే. నూనె సీసా బరువుకు బోల్టు అరే కావాలి.

ప్రశ్న: సిలిండర్ కనిపించకుండా బండి కింద తలుపుల పెట్టె చేయిస్తున్నాం. జాగ్రత్తలు?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: గ్యాస్ గాలి కన్నా బరువు. లీకయితే పెట్టె అడుగునే నిలిచిపోతుంది, నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. అందుకే అడుగున రేకు వద్దు, సిలిండర్‌ను ఆనించడానికి రెండు పట్టీలు చాలు. తలుపుల బదులు జాలీ పెట్టించండి. సిలిండర్ నిలువుగానే ఉండాలి, రెగ్యులేటర్ నాబ్‌కు చెయ్యి నేరుగా అందాలి. గ్యాస్ ట్యూబు మీదుగా కొక్కేలు, గుడ్డలు తగిలించకండి. పెట్టె రేకును దాటే చోట ట్యూబుకు రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు చుట్టు) వేయించండి, లేకపోతే రేకు అంచు ఒరుసుకుని ట్యూబు కోసుకుపోతుంది.