పిల్లలు ఎదుగుతుంటే ఏడుపొస్తోంది, ఇది తప్పా?

ప్రశ్న: మాది కడప. బాబుకు ఆరేళ్లు, పాపకు మూడున్నర. మా ఆయన కువైట్‌లో డ్రైవర్. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలు ఉండి పోతాడు. ఇంట్లో నేను, పిల్లలు, మా అత్త. మా ఇంటి ముందు కానుగ చెట్టు శివరాత్రికి ఆకంతా రాల్చి బోసిగా నిలబడింది. ఉగాదికి చూస్తే కొమ్మ కనపడకుండా చిగురేసింది. మా పిల్లలూ అట్లే ఉన్నట్టుండి మారిపోయారు. పోయిన ఉగాదికి కొన్న ప్యాంటు బాబుకు చీలమండల పైకి పోయింది. పండగ రోజు దేవుని కడప గుడి క్యూలో ఎప్పట్లా ఎత్తుకోబోతే "అమా, దించు, అందరూ చూస్తాండారు" అన్నాడు. స్కూలుకు పోయేటప్పుడు చెయ్యి పట్టుకోనీడు. స్నానానికి తలుపేసుకుంటాడు. ముట్టుకుంటే చాలు విసుక్కుంటాడు. పాప నా కొంగు పట్టుకుంటే తప్ప నిద్రపోయేది కాదు, ఇప్పుడు దిండెత్తుకుని వాళ్ల జేజి దగ్గరికి పోతోంది. మొన్న ఉండబట్టలేక "పెద్దోడివైతే అమ్మను వదిలేసి పోతావా?" అని బాబును అడిగితే వాడు బిక్కమొహం వేశాడు. రాత్రిళ్లు పాత ఫొటోలు చూస్తూ ఏడుస్తున్నాను. "ఏమ్మే, ఎదిగే పిల్లోల్లను చూసి కంట నీళ్లు పెట్టుకుంటారా, ఇంటికి మంచిది కాదు" అని అత్త కసురుకుంటుంది. మా ఆయనకు చెప్తే అక్కడ దిగులు పెట్టుకుంటాడని చెప్పలేదు. ఆయన ఫోన్ చేస్తే బాబు నిమిషం కూడా నిలబడడు. ఇంకో బిడ్డను కంటే ఈ వెలితి పోతుందేమో అనిపిస్తోంది. నాది తప్పా?
ఒక తల్లి, కడప

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మాట సంగతి చూద్దాం. మీ కన్నీళ్ల వల్ల పిల్లలకు గానీ ఇంటికి గానీ ఏ కీడూ జరగదు. ఆ భయం మనసులోంచి తీసేయండి. అట్లాగని ఆమె మీద కోపం కూడా పెట్టుకోకండి. కన్నకొడుకును విమానం ఎక్కించి ఏళ్ల తరబడి ఫోన్‌లో చూసుకుంటున్న తల్లి ఆమె. ఇంట్లో ఇంకొకరు ఏడుస్తుంటే తట్టుకోవడం ఆమెకూ కష్టమే.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పిల్లలు ఎదగకూడదని మీరు ఎక్కడా అనలేదు. వాళ్లు ఎదుగుతున్నారని సంతోషమూ ఉంది, నిన్నటి పసిపిల్లలు ఇక తిరిగి రారన్న బాధా ఉంది. ఈ రెండూ ఒకే మనసులో ఉండటం చాలామంది తల్లులకు తెలిసిన సంగతే. కాకపోతే మీ ఇంట్లో ఇంకొకటి కూడా ఉందని నాకనిపిస్తోంది. క్యూలో బాబు "దించు" అన్న క్షణంలో మీ పక్కన ఆయన ఉండి ఉంటే, మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్లు. ఇంటికి వచ్చేదాకా అదే మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు అదంతా మీరొక్కరే చూడాలి, మీరొక్కరే గుర్తుపెట్టుకోవాలి. మీ బరువులో సగం అదే. దీని గురించి తర్వాత చెప్తాను.

చెట్టు చిగురేసినట్టు ఉన్నట్టుండి ఎదిగారన్నారు. ఈ వయసు పిల్లలు మామూలుగా ఏడాదికి ఐదారు సెంటీమీటర్ల పొడుగు, రెండు కిలోల దాకా బరువు పెరుగుతారు. ఇది ఏడాది పొడవునా సాగేదే. ఉగాదికి కొత్త బట్టలు తీస్తాం, పోయినేడు బట్టలు పక్కన పెట్టి చూస్తాం కాబట్టి ఏడాది ఎదుగుదల ఒక్కరోజులో కంటికి కనబడుతుంది. చలిదేశాల్లో మాత్రం పిల్లలు వసంతం, వేసవి నెలల్లో కాస్త ఎక్కువ పొడుగవుతారని పాతకాలం నుంచీ గమనించారు. ఫ్రాన్సులో మోంబెయార్ అనే తండ్రి 1759లో పుట్టిన కొడుకు ఎత్తును 1777 దాకా కొలుస్తూ రాసిపెట్టాడు. పిల్లవాడి ఎదుగుదలను అంతకాలం వరసగా రాసిన తొలి లెక్క అదేనంటారు. మీరు కూడా తలుపు చెక్కకు ఆనించి ఇద్దరినీ నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేయండి. ఈసారి మీ ఆయన వచ్చినప్పుడు ఆ గీతలే ఆయనకు చాలా చెప్తాయి.

బాబు విసుగు గురించి ఒక మాట. ఆ విసుగంతా మీ మీద కాదు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. పొద్దున్నే ముందుగా లేపుతాం, వాడు మధ్యాహ్నం మండుటెండలో ఇంటికొస్తాడు. కడప ఎండ ఎట్లాంటిదో మీకు నేను చెప్పాలా! ఆరేళ్ల పిల్లాడికి రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. రాత్రి పది దాకా మేలుకుని పొద్దున ఆరింటికి లేస్తే ఆ లెక్క కుదరదు. రాగానే బ్యాగు గురించీ హోంవర్కు గురించీ అడక్కండి. కుండలో నీళ్లో, మజ్జిగో ఇచ్చి, అన్నం పెట్టి, కాసేపు పడుకోనివ్వండి. సాయంత్రానికి వాడే మీ దగ్గరికొచ్చి కబుర్లు చెప్తాడు. పసివాళ్ల చిరాకులో చాలా భాగం నిద్ర, ఆకలి, దాహమే.

ఇక చెయ్యి సంగతి. వీధి చివరిదాకా వాడిని ముందు నడవనివ్వండి, మీరు నాలుగడుగుల వెనక ఉండండి. మెయిన్ రోడ్డు దాటేటప్పుడు మాత్రం చెయ్యి పట్టుకోవాల్సిందే. వచ్చే బండి ఎంత దూరంలో ఉంది, ఎంత స్పీడులో వస్తోంది అనేది అంచనా వేసే తెలివి ఈ వయసుకు ఇంకా రాదు. "ఇది నీ దారి, నువ్వే నడువు. ఇది బండ్ల రోడ్డు, ఇక్కడ చెయ్యి పట్టుకోవాలి" అని ఒక్కసారి గట్టిగా, నెమ్మదిగా చెప్పండి. ఎక్కడ వదలాలో, ఎక్కడ పట్టుకోవాలో మీకు తెలుసని వాడికి అర్థమైతే గొడవ తగ్గిపోతుంది. స్నానానికి తలుపు వేసుకోవడం మంచి లక్షణం. తన ఒళ్లు తనదన్న ఎరుక అప్పుడే మొదలవుతుంది. గడియ పెట్టొద్దు, తలుపు దగ్గరకేసుకో అని చెప్పండి చాలు. చెవుల వెనక సబ్బు పోలేదని లోపలికి వెళ్లకండి.

దేవుని కడపలో ఉగాది పొద్దున జనం ఎట్లా ఉంటారో కడపవాళ్లకు తెలుసు. వెంకన్నస్వామి దేవేరిగా చెప్పుకునే బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని ముస్లిం కుటుంబాలు కూడా పిల్లాపాపలతో వచ్చి అదే వరసలో నిలబడతాయి. అంతమంది మధ్య మీ బాబు తన కాళ్ల మీద తాను నిలబడతానన్నాడు. భయం ఉన్న పిల్లాడు అట్లా అనడు. ఈ ఆరేళ్లూ ఎత్తుకోమన్నప్పుడల్లా మీరు ఎత్తుకున్నారు కాబట్టే వాడికి ఆ ధైర్యం వచ్చింది.

అయితే ఒక విషయం మీకు సూటిగా చెప్పాలి. "అమ్మను వదిలేసి పోతావా?" అన్న మాట ఇంకెప్పుడూ అనకండి. మీరు ముద్దుగానే అని ఉంటారు. కానీ ఆరేళ్ల పిల్లాడికి అందులో ముద్దు వినపడదు, నేను పెద్దవుతుంటే అమ్మ ఏడుస్తోంది అన్నది మాత్రమే వినపడుతుంది. పైగా ఆ ఇంట్లో నాన్న నిజంగానే పెట్టె సర్దుకుని వెళ్లిపోతాడు. పోవడం అంటే ఏమిటో మీ పిల్లలకు బాగా తెలుసు. వాడు బిక్కమొహం వేసింది అందుకే. ఒకరోజు వాడు కులాసాగా ఉన్నప్పుడు దగ్గర కూర్చోబెట్టుకుని, "ఆరోజు అమ్మకు ఎందుకో దిగులేసింది, అందుకే అట్లా అన్నా. నువ్వు పెద్దోడివవుతుంటే నాకు సంతోషం" అని చెప్పండి. ఆ ఒక్కమాట చాలు, పెద్ద ఉపన్యాసం వద్దు. వాడి ముందు కంట నీళ్లొస్తే దాచి అబద్ధమూ చెప్పకండి. "నాన్న గుర్తొచ్చాడు" అంటే పిల్లలు అర్థం చేసుకుంటారు.

ఆరేళ్లంటే కింది ముందుపళ్లు కదిలే వయసు. పన్ను ఊడితే మీ అత్తగారిని పిలవండి. పేడముద్దలో పెట్టి మిద్దె మీదికి విసరడం ఆమెకు తెలిసే ఉంటుంది. ఆ ముచ్చట జేజిది, మనవడిది. ఇదే వయసులో పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పాలపన్నే కదా అని చాలా ఇళ్లలో పట్టించుకోరు. అక్కడిదాకా బ్రష్ పోతోందో లేదో చూడండి. అట్లే ఐదారేళ్ల మధ్య వేయించాల్సిన డీపీటీ రెండో బూస్టర్ పడిందో లేదో టీకాల కార్డు తీసి చూసుకోండి.

పాప జేజి దగ్గర పడుకోవడం గురించి మీరు బాధపడాల్సింది ఏమీ లేదు. నాన్న దూరంగా ఉన్న ఇంట్లో పాపకు ఇంకో ఒడి దొరికింది. మీ అత్తగారికి కూడా అది ఎంత ఆసరానో ఆలోచించండి. పాప మధ్యరాత్రి లేచి మీ దగ్గరికొస్తే, పొద్దున దాని గురించి ఎగతాళి చేయకండి, "అమ్మ దగ్గరికే వచ్చిందిలే" అని గెలిచినట్టూ మాట్లాడకండి.

మూడు, మూడున్నరేళ్ల లోపు జరిగినవి పెద్దయ్యాక ఎవరికీ పెద్దగా గుర్తుండవు. మీ కొంగు పట్టుకుని పడుకున్న రాత్రులు పాపకు గుర్తుండవు. వాటిని మోసేది మీరే. అందుకే ఆ ఫొటోలను రాత్రిపూట ఒక్కరే చూడకండి. ఆదివారం సాయంత్రం పిల్లలిద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని చూపించండి. "ఇదిగో, అప్పుడు నువ్వు సంగటి ముద్ద మొహమంతా పూసుకున్నావు" అని చెప్పండి. తమ పసితనం కథలు వినడమంటే పిల్లలకు ప్రాణం, మళ్లీ మళ్లీ చెప్పమంటారు. ఒంటరిగా చూస్తే ఏడిపించే ఫొటో, వాళ్లతో చూస్తే నవ్విస్తుంది.

ఇంకో బిడ్డ ఆలోచన గురించి. మీ ఇద్దరికీ బిడ్డ కావాలనిపిస్తే, మీ ఆరోగ్యం, ఇంటి సంగతులు చూసుకుని ఆయన వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకోండి, అది మీ ఇష్టం. కానీ ఈ వెలితి పూడ్చుకోవడానికైతే వద్దనే అంటాను. ఆ బిడ్డా నాలుగేళ్లకు చెయ్యి విడిపించుకుంటుంది. అప్పుడూ మీరు ఇదే చోట ఉంటారు. పుట్టే బిడ్డ మీద అంత పని పెట్టడం న్యాయం కాదు.

ఏడుపు రోజూ వస్తున్నా, రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, ఆకలి లేకపోయినా, పిల్లల పనులు కూడా చేయబుద్ధి కాకపోయినా, బతుకు మీద విరక్తి మాటలు మనసులోకి వచ్చినా అది మామూలు దిగులు కాదు. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. 14416 టెలీ మానస్ ప్రభుత్వం నడిపే నంబరు, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఫోన్ చేయడానికి ఇంట్లో ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు మీ ఆయన సంగతి. బాబు ఫోన్ దగ్గర నిలబడకపోవడం నాన్న మీద ప్రేమ లేక కాదు. "బాగున్నావా, బాగా చదువుతున్నావా, అమ్మ మాట వింటున్నావా" అంటే ఏ పిల్లాడైనా "ఆ" అని పరిగెత్తుతాడు. ఆ పూట జరిగింది ముందే ఆయనకు మెసేజ్ పెట్టండి. "పన్ను కదులుతోందంట, ఏదీ చూపించు" అని ఆయన అడిగితే వాడు నోరంతా తెరిచి ఫోన్‌కు ఆనిస్తాడు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ పిల్లలు ఎనిమిదిన్నరకు పడుకునేటప్పుడు ఆయనకు సాయంత్రం ఆరు. ఆయన డ్యూటీలో ఉంటే, తీరిక దొరికినప్పుడు ఏదో ఒక చిన్న కథ, తన చిన్నప్పటి ముచ్చట వాయిస్ మెసేజ్‌గా పంపమనండి. పడుకునే ముందు పిల్లలకు అది వినిపించండి. పాపకు నాన్న గొంతు రోజూ చెవిన పడితే, ఆయన ఇల్లు చేరిన రోజు కొత్త మనిషిని చూసినట్టు మీ వెనక దాక్కోవడం కొంతైనా తగ్గుతుంది. అప్పటికీ దాక్కుంటే బలవంతంగా ఆయన చేతికివ్వకండి, ఒకట్రెండు రోజులు ఆగితే తానే పోతుంది.

దిగులు పెట్టుకుంటాడని మీరు ఆయనకు ఏమీ చెప్పట్లేదు. ఆయన కూడా బహుశా అదే కారణంతో మీకు కొన్ని చెప్పకుండా ఉండి ఉంటాడు. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ చెరో పక్కన ఒంటరిగా ఉన్నారు. పిల్లలు ఎదగడాన్ని దగ్గరుండి చూడలేకపోతున్నానన్న బాధ ఆయనకు ఉండదంటారా? ఆయనకు శుక్రవారం సెలవైతే ఈ శుక్రవారమే, పిల్లలు పడుకున్నాక, ప్యాంటు పొట్టిదైన సంగతి, క్యూలో జరిగింది, మీకు ఏడుపు రావడం, నాకు రాసినవన్నీ ఆయనకు చెప్పండి. డబ్బుల లెక్కలు, బంధువుల గొడవలు ఆ రాత్రికి పక్కన పెట్టండి. ఆయన ఏమంటాడో నాకు మళ్లీ రాయండి.